ప్రత్యక్షంలో పరోక్షం: వర్చువల్ లోకాల నుంచి అంతర్జాలానికి ప్రత్యక్ష ప్రసారం - నాట్యశాస్త్ర దృష్టి

వ్యాససంగ్రహం:

సెకండ్ లైఫ్ వంటి వర్చువల్ లోకాల్లో జరిగే సభలు, సంగీత కచేరీలు, నాటకాలు జరుగుతున్న క్షణంలోనే అంతర్జాలంలో ప్రసారమవుతున్నాయి. కెమెరా ముందు భౌతిక వస్తువేదీ లేని ఈ ప్రసారాన్ని ఏ అర్థంలో 'ప్రత్యక్షం' అనాలన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. నాట్యశాస్త్రంలోని చతుర్విధాభినయం, విఘ్నం, సిద్ధి-ఘాతం అనే భావనలను ఆధారంగా చేసుకొని 2006 నాటి ఒక ముఖాముఖిని, 'గ్రాండ్ తెఫ్ట్ హామ్లెట్' చిత్రాన్ని, సెకండ్ లైఫ్ చిత్రీకరణ విధానాన్ని ఇందులో విశ్లేషించడం జరిగింది. ఈ ప్రసారాల ప్రత్యక్షత దృశ్యంలో కాక వాక్కులోను, భంగపడే అవకాశంలోను ఉందని, వాటి విలువ చూసే కన్ను వహించే బాధ్యతను బట్టి నిర్ణయమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వర్చువల్ లోకం, ప్రత్యక్ష ప్రసారం, అవతారం, అభినయం, విఘ్నం, ఘాతం, సమ్మతి, సెకండ్ లైఫ్.

1. ఉపోద్ఘాతం:

క్రికెట్ పోటీలు, బ్రహ్మోత్సవాలు, శాసనసభ సమావేశాలు తెలుగువారికి 'ప్రత్యక్ష ప్రసారం' అనే మాటను అలవాటు చేశాయి. కంటికి ఎదురుగా ఉన్నది ప్రత్యక్షం. మైదానంలో బంతి ఉంది, మాడవీధిలో వాహనం ఉంది, సభలో సభ్యుడు ఉన్నాడు. కెమెరా ఉన్నదాన్ని గ్రహించి దూరంగా ఉన్నవారికి అందిస్తుంది. కెమెరా లేకపోయినా వాహనం కదులుతూనే ఉంటుంది. ప్రత్యక్ష ప్రసారం మీద ప్రేక్షకునికి ఉండే నమ్మకానికి ఇదే పునాది.

వర్చువల్ లోకం నుంచి వచ్చే ప్రసారంలో ఈ పునాది లేదు. అక్కడ బంతీ లేదు, కెమెరా కటకమూ లేదు. అయినా ఆ లోకంలో ఒకరు మాట్లాడుతున్నారు, మరికొందరు వింటున్నారు, ఇంకెవరో వెబ్‌లో అదే క్షణంలో చూస్తున్నారు. సాంకేతిక పరిభాషలో ఇదీ ప్రత్యక్ష ప్రసారమే. రంగస్థల అధ్యయనంలో ప్రత్యక్షతను గురించి ఒక ప్రసిద్ధమైన వివాదం ఉంది. ప్రదర్శన వర్తమానంలో మాత్రమే జీవిస్తుందని, నమోదు చేస్తే అది మరొకటిగా మారుతుందని పెగ్గీ ఫెలన్ 1993లో వాదించారు. నమోదు చేసే యంత్రాలు వచ్చిన తరువాతే 'ప్రత్యక్షం' అనే భావనకు అర్థం ఏర్పడిందని ఫిలిప్ ఆస్లాండర్ 1999లో ప్రతివాదం చేశారు. ఈ ఇద్దరి చర్చా ప్రధానంగా నటుని దేహాన్ని ఆధారం చేసుకొన్నది. దేహమే చిత్రమైన చోట ఆ చర్చకు కొత్త ప్రాతిపదిక అవసరం. నాట్యాన్ని నాలుగు అభినయాల కూడికగాను, విఘ్నాల మధ్య సాధించవలసిన సిద్ధిగాను భావించిన భరతుని నాట్యశాస్త్రం అందుకు ఉపకరిస్తుంది.

2. దృశ్యం ఎక్కడ ఉంది?

శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్ 23న సెకండ్ లైఫ్‌ను ప్రజలకు అందించింది. ఇందులో గెలుపోటములు లేవు. నివాసులు తమ రూపాలను, ఇళ్ళను, వేదికలను తామే నిర్మించుకొంటారు. భూమి 256 మీటర్ల భుజం గల చతురస్రాలుగా విభజితమై ఉంటుంది. సర్వర్ పంపేది ఏ వస్తువు ఎక్కడ ఉంది, దాని ఆకారమేమిటి, దానిపై ఏ చిత్రం అతికి ఉంది అన్న సమాచారమే. ఆ సమాచారం నుంచి దృశ్యాన్ని గీసే పని ప్రతి నివాసి ఇంటిలోని కంప్యూటరుది.

దీని పర్యవసానం గమనార్హం. ఒకే సభలో ఉన్న ఇద్దరిలో ఒకరు సూర్యాస్తమయాన్ని, మరొకరు మిట్టమధ్యాహ్నాన్ని ఎంచుకోవచ్చు. కంప్యూటరు శక్తి చాలనివారికి వక్త వస్త్రాలు కొంతసేపు బూడిదరంగులోనే కనిపిస్తాయి. అందరికీ ఉమ్మడిగా ఉన్న 'అసలు దృశ్యం' ఎక్కడా లేదు. ప్రసారకుడు తన కంప్యూటరు గీసిన అనేక సాధ్యరూపాల్లో ఒకదాన్ని తెరపై పట్టి, సంకేతీకరించి వెబ్‌కు పంపుతాడు. కెమెరా ఉన్నదాన్ని చూపుతుందనే మాట ఇక్కడ తలకిందులవుతుంది. వెబ్ ప్రేక్షకునికి సంబంధించినంతవరకు ప్రసారకుడు చూపినదే ఉన్నది.

ఈ ప్రసారాలకు దారితీసిన కారణాల్లో స్థలాభావం ముఖ్యమైనది. తొలి దశాబ్దంలో ఒక చతురస్రంలో నలభై నుంచి వందవరకు మాత్రమే అవతారాలు పట్టేవి. నాలుగు చతురస్రాలు కలిసే మూలలో వేదిక కట్టడం వంటి ఉపాయాలు పన్నినా ప్రేక్షకుల సంఖ్య వందల్లోనే నిలిచిపోయేది. ఎల్లలులేని లోకంగా ప్రచారం పొందినది ఆచరణలో ఊరి నాటకశాల కన్న ఇరుకుగా ఉండేది. 2007లో మొదలై తరువాత ట్రీట్ టీవీగా పేరు మార్చుకొన్న సెకండ్ లైఫ్ కేబుల్ నెట్‌వర్క్ ఈ ఇరుకు నుంచి బయటకు దారి చూపింది. కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ బ్లూమ్‌ఫీల్డ్ నిర్వహించిన 'మెటనామిక్స్' గోష్ఠి ఆ విధంగానే వెబ్‌కు చేరింది. వెబ్ వీక్షకుల రాతలను లోపలి సభకు, సభలోని రాతలను వెబ్‌కు చేరవేసే ఏర్పాటు కూడా ఆ గోష్ఠిలో ఉండేది. బయటివాడు చూసి ఊరుకోక ప్రశ్న అడగగలిగాడు. ఈ అంశం తరువాతి చర్చకు కీలకం.

అదే 2007లో రాయల్ లివర్‌పూల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం తన కచేరీని సెకండ్ లైఫ్‌లో నిర్మించిన సభామందిరంలోకి ప్రసారం చేసింది. అది భౌతికలోకం నుంచి లోపలికి సాగిన ప్రసారం. ప్రస్తుత పరిశీలన లోపలి నుంచి బయటికి వచ్చే ప్రసారాలకే పరిమితం.

3. నాలుగు అభినయాలు, ఒక స్వరం:

1980లలో లూకాస్‌ఫిల్మ్ వారి 'హాబిటాట్'లో వాడుకకు వచ్చిన 'అవతార్' అనే మాట సంస్కృత 'అవతార' శబ్దమే. దిగివచ్చుట దాని అర్థం. దిగివచ్చిన వాని అభినయం ఎటువంటిదో ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలుగా విభజించి చూస్తే ప్రత్యక్షత ఎక్కడుందో స్పష్టమవుతుంది.

సెకండ్ లైఫ్‌లో ఆహార్యానిది అగ్రస్థానం. వేషభూషణాలే కాదు, దేహమే ఆహార్యం. ఎత్తు, వయసు, లింగం, చర్మవర్ణం అన్నీ ధరించేవే. ఐతే ఇదంతా ప్రదర్శనకు ముందే సిద్ధమై ఉంటుంది. ఆంగికం చాలావరకు ముందే తయారుచేసి దాచిన కదలికల సముదాయం. మీట నొక్కితే అవతారం నవ్వుతుంది, నర్తిస్తుంది. ఆ నవ్వు పుట్టింది అప్పుడు కాదు, తయారైంది అక్కడ కాదు. 2007లో స్వర సంభాషణ ప్రవేశించిన తరువాత మాట్లాడేవారి చేతులు కదిలే ఏర్పాటు వచ్చింది. అదీ కంఠధ్వని తీవ్రతను బట్టి యంత్రం ఎంచే కదలికే.

ఇక మిగిలింది వాచికం. వక్త కంఠం ఆ క్షణానిదే. తడబాటు, దగ్గు, గదిలో తిరిగే పంకా చప్పుడు, ప్రశ్న విన్నాక పట్టిన మౌనం, ఇవన్నీ ముందుగా తయారుచేయలేనివి. ముఖంలో వ్యక్తం కాని సాత్త్వికం కూడా స్వరాన్నే ఆశ్రయిస్తుంది. స్వేదాన్ని, అశ్రువును చూపలేని అవతారం స్వరభేదం ద్వారా మాత్రమే తన వెనుకనున్న మనిషిని పట్టి ఇస్తుంది.

తోలుబొమ్మలాటను ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ వ్యవస్థ కొత్తగా తోచదు. బొమ్మ ఆహార్యం చిత్రకారుని చేతిలో ఎప్పుడో ముగిసింది. దాని కదలికలకు కీళ్ళ పరిమితి ఉంది. రామాయణ కథను ఆ రాత్రికి బ్రతికించేది తెర వెనుక గొంతు, ఆ గొంతుకు తాళం వేసే కాలి కింది చెక్క. అయితే ఒక భేదం ఉంది. తోలుబొమ్మకు తెర ముందు వెనుకలు స్థిరం. వర్చువల్ లోకంలో ప్రేక్షకుడు కూడా బొమ్మ ధరించే వస్తాడు, తెర ఈవలనే కూర్చుంటాడు. వెబ్ ప్రసారం మొదలైన క్షణం నుంచి ఆ ప్రేక్షకుడు మరొక ప్రేక్షకునికి దృశ్యమవుతాడు. చూడడానికి వచ్చినవాడు చూడబడేవాడు కావడం ఈ ప్రసారాల మూలలక్షణం. సౌందర్య చర్చ ఇక్కడే నైతిక చర్చగా మారుతుంది.

4. విఘ్నం:

నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలో తొలి నాటక ప్రదర్శన నిర్విఘ్నంగా సాగలేదు. దేవతల విజయాన్ని ప్రదర్శిస్తుండగా విరూపాక్షుని ముందుంచుకొన్న విఘ్నులు నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజాన్ని చేబూని వారిని జర్జరితులను చేశాడు. ఆ తరువాతనే బ్రహ్మ ఆనతిపై విశ్వకర్మ నాట్యగృహాన్ని నిర్మించాడు. అనగా నాట్యశాలకు మూలం ప్రదర్శనకు కలిగిన భంగం. కథ అంతటితో ఆగక బ్రహ్మ విఘ్నులతో సామంగా సంభాషించి, నాట్యం ఏ ఒక్కరి పక్షానిదీ కాదని నచ్చజెప్పడం మరింత విశేషం.

2006 డిసెంబరులో సెకండ్ లైఫ్‌లోని సీనెట్ వార్తాసంస్థ సభాంగణంలో ఆన్షే చుంగ్ అనే అవతారంతో ముఖాముఖి జరిగింది. వర్చువల్ భూముల వ్యాపారం వల్ల ఆ అవతారం అప్పటికే సుప్రసిద్ధం. అదే ఏడాది బిజినెస్‌వీక్ పత్రిక ముఖచిత్రంగా కూడా వచ్చింది. ముఖాముఖి సాగుతుండగా కొందరు అసభ్యాకారాలను గాలిలో వరుసగా వదిలి సభను భగ్నం చేశారు. ఆ దాడి దృశ్యాలు వెబ్‌కు ఎక్కాయి. ఆ అవతారానికి చెందిన సంస్థ అమెరికా కాపీరైట్ చట్టం కింద ఫిర్యాదు చేయడంతో యూట్యూబ్ వీడియోను తొలగించింది. ఆ ఫిర్యాదు వార్తా స్వేచ్ఛకు భంగకరమన్న విమర్శలు వచ్చాయి.

నాట్యశాస్త్రం ఇరవై ఏడవ అధ్యాయం ప్రదర్శనకు కలిగే ఘాతాలను దైవికం, ఆత్మసముత్థం, పరసముత్థం, ఔత్పాతికం అని విభజించింది. శత్రువులు కేకలు వేయడం, పేడను, మట్టిగడ్డలను విసరడం పరసముత్థ ఘాతాలు. ఆన్షే చుంగ్ సభలో జరిగింది అక్షరాలా ఇదే. విసిరిన వస్తువు మాత్రమే మారింది. సర్వర్ కుప్పకూలడం ఔత్పాతికాన్ని, వక్త మైకు ఆపివేసి మాట్లాడడం ఆత్మసముత్థాన్ని పోలినవి.

ఈ వర్గీకరణ వల్ల ఒక సూక్ష్మం తెలుస్తుంది. నాట్యశాలలో విసిరిన పేడ ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ప్రాశ్నికులు దోషాన్ని లెక్కిస్తారు, ప్రేక్షకులు ఇంటికి వెళతారు. వెబ్‌కు ఎక్కిన దాడికి ముగింపు లేదు. ప్రసారం దాడిని నివేదించడంతో ఆగక దాన్ని పునరావృతం చేస్తుంది. దాడి చేసినవారు కోరుకొన్నదీ ఆ పునరావృత్తినే. అందువల్ల కాపీరైట్ ఫిర్యాదు చట్టరీత్యా ఎంత బలహీనమైనదైనా దాని వెనుకనున్న వేదన అసంగతమైనది కాదు. బొమ్మకు జరిగిన అవమానం బొమ్మతో పోదని ఆ ఫిర్యాదు చాటింది. ఆ వేదనను వ్యక్తం చేయడానికి దొరికిన చట్టభాష సొత్తుకు సంబంధించినది, గౌరవానికి సంబంధించినది కాదు. వివాదం దారి తప్పడానికి కారణమదే.

5. దేహమున్న కన్ను:

భంగం ఎప్పుడూ హానియేనా అన్న ప్రశ్నకు 'గ్రాండ్ తెఫ్ట్ హామ్లెట్' మరొక సమాధానం ఇస్తుంది. బ్రిటన్‌లో 2021 ఆరంభపు లాక్‌డౌన్ కాలంలో పని కోల్పోయిన రంగస్థల నటులు సామ్ క్రేన్, మార్క్ ఊస్టర్‌వీన్ గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ అనే ఆటలో షేక్‌స్పియర్ నాటకాన్ని ప్రదర్శించాలని పూనుకొన్నారు. నాటకం ఆ లోకం నుంచి వెబ్‌కు ప్రసారమైంది. పిన్నీ గ్రిల్స్, సామ్ క్రేన్ కలిసి ఆ ప్రయత్నాన్ని పూర్తిగా ఆ ఆటలోనే చిత్రీకరించి రూపొందించిన డాక్యుమెంటరీ 2024లో సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ పురస్కారం పొందింది.

ఆ లోకపు ధర్మం హింస. తుపాకీ పట్టనివాడు అక్కడ అపరిచితుడు. లాస్ శాంటోస్ నగరపు ఖాళీ నాట్యశాలలో నటుడు స్వగతం చెబుతుండగా ఎవరో వచ్చి కాలుస్తారు. పోలీసులు చుట్టుముడతారు. చచ్చిన నటుడు మళ్ళీ లేచి వచ్చి వదిలిన చోటి నుంచి అందుకొంటాడు. పాత్రల ఎంపికకు ఆకుపచ్చ గ్రహాంతరవాసి వేషంలో వచ్చిన ఒక ఆటగాడు ఖురాన్ నుంచి పఠించడం ఆ చిత్రంలోని గాఢమైన ఘట్టాల్లో ఒకటి. వేషం హాస్యాస్పదం, స్వరం గంభీరం. వాచికమే సాత్త్వికాన్ని మోస్తుందన్న పై ప్రతిపాదనకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

తెలుగు సంప్రదాయంలో భంగాన్ని కళలో భాగం చేసుకొన్న ప్రక్రియ అవధానం. అప్రస్తుత ప్రసంగి పని అవధాని ధారణను చెదరగొట్టడం. ఆ అడ్డంకి లేకపోతే అవధానం ముందుగా కట్టుకొచ్చిన పద్యాల వల్లెవేతగా అనుమానానికి గురవుతుంది. అడ్డంకే ప్రత్యక్షతకు సాక్ష్యం. క్రేన్, ఊస్టర్‌వీన్‌ల నాటకంలో కాల్పులు ఆ సాక్ష్యాన్నే ఇచ్చాయి. అయితే అప్రస్తుత ప్రసంగి పృచ్ఛకుల్లో ఒకడు. అతనికి అవధాని సమ్మతి ఉంది, మర్యాద ఉంది. నటులను కాల్చినవారు ఆ సమ్మతి పొందలేదు కాని, ఆ లోకపు నియమాన్ని అనుసరించారు. ఆ నియమం తెలిసే నటులు అక్కడికి వెళ్ళారు. ఆన్షే చుంగ్ సభలో అటువంటి ఒప్పందమేదీ లేదు. ఒకే విధంగా కనిపించే రెండు ఘాతాల మధ్య భేదం ఇదే.

కెమెరా విషయంలో మరొక భేదం ఉంది. సెకండ్ లైఫ్‌లో కన్ను అవతారాన్ని విడిచి పోగలదు. అవతారం సభలో కూర్చుని ఉండగా కన్ను గోడ దాటి పక్క ఇంట్లోకి వెళ్ళవచ్చు. ప్రసారకులు దీనిని త్రిమాన మౌస్‌తో క్రేన్ షాట్లవలె సాఫీగా నడపగలుగుతారు. అది చిత్రకళాపరంగా వరం. కాని ఆ కన్నుకు దేహం లేదు, దానిని ఎవరూ ఆపలేరు, అది దేనికీ గురికాదు. గ్రిల్స్ మాత్రం ఆటలోని తన పాత్ర చేతి ఫోన్‌తో అనేక దృశ్యాలు తీశారు. ఫోన్ పట్టుకొన్న పాత్ర నటుల మధ్యనే నిలుచుంటుంది, నటులతో పాటే తూటాకు గురి కాగలదు. చూసేవాడు తాను చూసే లోకపు ప్రమాదాన్ని పంచుకొంటున్నాడు. ఆ చిత్రంలోని ఆత్మీయతకు మూలం ఈ సమానత్వం. దేహంలేని కన్ను నుంచి వచ్చే ప్రసారం ఎంత నేత్రపర్వంగా ఉన్నా నిఘాకు దగ్గరగా ఉంటుంది.

6. సమ్మతి:

లిండెన్ ల్యాబ్ చిత్రీకరణ విధానం ఈ సమస్యను కొంతవరకు గుర్తించింది. దాని ప్రకారం నిశ్చల చిత్రానికి అందులోని అవతారాల సమ్మతి అవసరం లేదు. కదిలే చిత్రానికి మాత్రం ప్రముఖంగా కనిపించే అవతారాల, పేరు చదవడానికి వీలైన అవతారాల సమ్మతి కావాలి. గుంపులో భాగంగా, నేపథ్యంలో క్షణకాలం కనిపించేవారికి మినహాయింపు ఉంది. పేరును ముఖంతో సమానంగా భావించడంలో ఈ నియమం ఆ లోకపు స్వభావాన్ని చక్కగా గ్రహించింది. ముఖాన్ని ఎవరైనా కొనవచ్చు, ఆ పేరు మాత్రం ఒక్కరిదే.

ఈ నియమం కూర్పుకు వీలున్న చలనచిత్రానికి సరిపోతుంది. ప్రత్యక్ష ప్రసారానికి సరిపోదు. కూర్పు దశలో సమ్మతి లేనివారిని తొలగించవచ్చు. ప్రత్యక్షంలో ఎవరు ఎప్పుడు తెరలోకి నడిచి వస్తారో ముందుగా తెలియదు. గుంపులోనివాడు ప్రశ్న అడిగిన మరుక్షణం ప్రముఖుడవుతాడు. అతని పేరు తల మీదనే ఉంటుంది. వెనుక వరుసలో ఉన్నంతవరకు అక్కరలేని సమ్మతి నోరు విప్పగానే అవసరమవుతుంది, కాని అప్పటికే ప్రసారం జరిగిపోతుంది. ఫలితంగా సభలో మాట్లాడవలసినవాడు మౌనం వహించే ప్రమాదం ఉంది. సెకండ్ లైఫ్ నివాసుల్లో భౌతికలోకంలో చెప్పుకోలేని తమ తనాన్ని అక్కడ ధరించి జీవించేవారున్నారు. వారికి ఆ పేరు ముసుగు కాదు, ఆశ్రయం. ప్రసారం ఆ ఆశ్రయానికి కిటికీ పెడుతుంది.

'గ్రాండ్ తెఫ్ట్ హామ్లెట్' కూడా ఈ పరీక్షకు అతీతం కాదు. దారిన పోతూ నటులను కాల్చిన అపరిచితులు తాము ఒక కళాఖండంలో భాగమవుతున్నామని ఆ క్షణంలో ఎరుగరు. దేహమున్న కన్ను నిఘా దోషాన్ని తగ్గిస్తుందే కాని, సమ్మతి లోటును పూర్తిగా తీర్చదు.

7. మిగిలేది ఏమిటి?

ఈ విమర్శను బట్టి ప్రసారమే వద్దని నిర్ణయించడం తొందరపాటు. 2002లో మొదలైన 'ది సిమ్స్ ఆన్‌లైన్' 'ఈఏ-ల్యాండ్' అనే పేరుతో 2008 ఆగస్టు 1న శాశ్వతంగా మూతపడింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ లోవుడ్ బృందం ఆ లోకపు చివరి నిమిషాలను తెరపై నమోదు చేసి భద్రపరచింది. అందులో ఉన్నవి కొన్ని అవతారాలు, ఆ లోకపు శ్రోతలకోసం నడిచిన రేడియో వ్యాఖ్యాత వీడ్కోలు గొంతు, చివరకు సంబంధం తెగిపోయిందన్న సందేశం. ఒక వర్చువల్ లోకపు సాఫ్ట్‌వేర్‌ను సంపూర్ణంగా దాచినా అందులో మనుషులు ఏమి చేశారో, వారికి దాని అర్థమేమిటో దానివల్ల తెలియదని లోవుడ్ వాదన. సర్వర్‌లో లక్షల వస్తువుల స్థానాలు ఉండవచ్చు, వీడ్కోలు మాత్రం ఉండదు.

ఆ నమోదు కూడా ఒక నివాసి స్థానం నుంచి పట్టినదే. చూసే కన్ను కూడా ఆ లోకంతో పాటే ఆరిపోయింది. వీక్షకుని కదిలించేది ఆ సహభాగ్యమే.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, వర్చువల్ లోకపు ప్రసారంలో దృశ్యం ప్రత్యక్షం కాదు. అది ఒక కంప్యూటరు గీసిన ఒక రూపం మాత్రమే. ప్రత్యక్షమైనవి వాచికం, దానిని ఆశ్రయించిన సాత్త్వికం, ఆ క్షణంలో మనిషి తీసుకొనే నిర్ణయం.

రెండు, భంగపడే అవకాశం ప్రత్యక్షతకు దోషం కాదు, లక్షణం. అయితే లోకనియమాన్ని అనుసరించిన ఘాతానికి, మనిషి గౌరవాన్ని లక్ష్యంగా చేసుకొన్న ఘాతానికి భేదం పాటించాలి. రెండవదాన్ని పదేపదే ప్రసారం చేసేవారు దాడిలో భాగస్వాములవుతారు.

మూడు, ప్రసార విలువకు కొలమానం చిత్రపు స్పష్టత కాదు. చూసే కన్నుకు ఆ లోకంలో దేహం ఉందా, బయటి ప్రేక్షకునికి తిరిగి మాట్లాడే దారి ఉందా, లోపలివానికి తాను దృశ్యమవుతున్న సంగతి ముందుగా తెలుసా అనే మూడు ప్రశ్నలే కొలమానాలు. మెటనామిక్స్ రెండవ ప్రశ్నకు, గ్రిల్స్ కెమెరా మొదటిదానికి జవాబు చెప్పాయి. మూడవదానికి తృప్తికరమైన జవాబు చలనచిత్రం కోసం ఏర్పడిన నియమాల్లో లభించదు. ప్రసారం జరుగుతున్న స్థలాన్ని లోపలికి అడుగుపెట్టక ముందే ప్రకటించడం, కెమెరా చేరని వరుసలను కేటాయించడం, ఆ వరుసల నుంచి పేరు లేకుండా ప్రశ్న అడిగే వీలు కల్పించడం అందుకు కనీస ఉపాయాలు.

తొలి నాటకానికి విఘ్నం కలిగినప్పుడు ఇంద్రుడు దండించాడు, విశ్వకర్మ గోడలు కట్టాడు, బ్రహ్మ మాట్లాడాడు. వర్చువల్ లోకాలు మొదటి రెండింటినీ బహిష్కరణ మీటల రూపంలోను, ప్రవేశ నియంత్రణల రూపంలోను సాధించాయి. ఈ రంగస్థలం ఎవరి పక్షానిది, ఇక్కడ ఎవరు ఎవరికి దృశ్యం అన్న విషయమై అందరితో కూర్చుని మాట్లాడే మూడవ పని ఇంకా మిగిలే ఉంది.